డెస్క్‌టాప్‌లో దుమ్ము దులపడం: ఎంతవరకు విప్పాలి, ఎక్కడ ఆగాలి

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: విజయవాడలో మెయిన్ రోడ్డు పక్కనే ఇల్లు, నాలుగేళ్ల డెస్క్‌టాప్, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా మూత తీయలేదు. ఈ వేసవిలో గేమ్ మొదలుపెట్టిన పావుగంటకే ఫ్యాన్ హోరెత్తి మెషీన్ దానంతటదే ఆగిపోతోంది. షాపులో క్లీనింగ్‌కి 800 అడిగారు. ఇంట్లో ఉన్న వ్యాక్యూమ్ క్లీనర్‌తో దుమ్ము లాగేయొచ్చా, లోపల తడిగుడ్డతో తుడవొచ్చా, ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దాలా అని.

వ్యాక్యూమ్ వద్దు. తడిగుడ్డ బయట డబ్బాకి మాత్రమే. ర్యామ్ బాగానే పనిచేస్తోంది కాబట్టి దాని జోలికి వెళ్లకండి. మిగతా పని మీరే చేసుకోవచ్చు, తీరిగ్గా చేస్తే గంటన్నర. ఎంత తక్కువ విప్పితే అంత మంచిది. దుమ్ము ఏళ్ల తరబడి చేసే నష్టాన్ని తొందరపాటు చెయ్యి అయిదు నిమిషాల్లో చేసేస్తుంది.

మూత తీసే ముందు ఒక చిన్న పని ఉంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని, సెన్సార్ల కిటికీ తెరిచి, ప్రాసెసర్ ఉష్ణోగ్రత కనబడేలా పక్కన పెట్టి గేమ్ నడపండి. ఫోన్‌ని ఎదురుగా ఆనించి స్క్రీన్‌ని వీడియో తీయండి. మెషీన్ ఆగిపోయాక వీడియో వెనక్కి తిప్పి చివరి అంకె ఎంతో చూడండి. మే నెలలో మీ గది 38 డిగ్రీలు ఉంటే, ఏ పనీ లేనప్పుడు ప్రాసెసర్ 45 నుంచి 55 మధ్య ఉండటం మామూలే. గేమ్‌లో 80, 85 దాకా వెళ్లినా కంగారు లేదు. 95, 100 తాకుతుంటే ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ పని చేయడం లేదన్నమాట.

ఇంకో సంగతి కూడా గమనించండి. ఇప్పటి ప్రాసెసర్లు వేడెక్కగానే ఆగిపోవు. ముందు వేగం తగ్గించుకుంటాయి, గేమ్ ఈడ్చుకుంటూ నడుస్తుంది, అప్పటికీ వేడి తగ్గకపోతేనే ఆగుతాయి. అలా ఈడ్వడం ఏమీ లేకుండా, అంకె 70, 75 దగ్గరే ఉండగా, కరెంటు పోయినట్టు టక్కున ఆరిపోతే అనుమానం ప్రాసెసర్ మీద కాదు, ఎస్ఎంపీఎస్ మీద, అంటే లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా మీద. అది కూడా దుమ్ముతో ఊపిరాడక ఆగిపోతుంది, లేదా నాలుగేళ్లకి బలహీనపడి ఉంటుంది. ఈ ఒక్క వీడియో ఉంటే తుడిచాక ఏం చూడాలో తెలుస్తుంది. అది లేకపోతే ఏది దుమ్ము వల్లో, ఏది కాదో చెప్పడం కష్టం.

మూత తీయగానే మదర్‌బోర్డు మీద బూడిదరంగు పొర కనిపించి గుండె జారుతుంది. నిజానికి దానివల్ల వెంటనే వచ్చే నష్టం తక్కువ. వానాకాలంలో ఆ పొర తేమ పీల్చుకుంటుంది, సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు కూడా తోడై చిప్పుల కాళ్లు తుప్పు పడతాయి, అంతే. వేడికి అసలు కారణమయ్యేది కంటికి ఆనని దుమ్ము: ప్రాసెసర్ ఫ్యాన్ కింద, హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మ) రేకుల పైన, రెండింటి మధ్య కంబళి ముక్కలా పేరుకున్న చాప. పైనుంచి చూస్తే ఫ్యాన్ రెక్కలే కనిపిస్తాయి. ఫోన్ టార్చ్ వేసి పక్కనుంచి చూడండి. రేకుల మధ్య సందులు కనిపించకుండా మూసుకుపోయి ఉంటే మీ దొంగ దొరికినట్టే. అలాంటి చాపలే కేబినెట్ ముందుండే దుమ్ము జల్లెడ వెనక, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ల కింద, ఎస్ఎంపీఎస్ లోపల కూడా ఉంటాయి.

దుమ్ము ఎలాంటిదో కొంచెం వేలికి రాసి చూడండి. పొడిపొడిగా రాలిపోతే గాలితోనే పోతుంది. కాటుకలా నల్లగా అంటుకుంటే అది వంటింటి నూనె ఆవిరి, అగరబత్తి పొగ, దోమల కాయిల్ పొగ కలిసిన జిడ్డు. దాన్ని ఎంత ఊదినా పైపొరే లేస్తుంది, మిగిలింది ఆల్కహాల్‌తో తుడవాల్సిందే. దేవుడి గూడు, కంప్యూటరు ఒకే గదిలో ఉన్న ఇళ్లలో ఫ్యాన్ రెక్కల అంచులు తప్పకుండా ఇలాగే ఉంటాయి.

సామాన్లు ఎక్కువేం అక్కర్లేదు. చేత్తో పట్టుకునే ఎలక్ట్రిక్ బ్లోయర్ ఒకటి, 500–600 వాట్లది, వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. మెత్తని అంగుళం పెయింట్ బ్రష్ కొత్తది, నైలాన్ కుచ్చు కాకుండా జుట్టు కుచ్చుది. స్టార్ స్క్రూడ్రైవర్. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా. చెవులు తుడుచుకునే దూది పుల్లలు, నూలు గుడ్డ, స్క్రూలు వేసుకోవడానికి ఒక గిన్నె, ముక్కుకి మాస్క్. శానిటైజర్ వాడొద్దు, అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. పెట్రోలు, నెయిల్ పాలిష్ రిమూవర్ ప్లాస్టిక్‌ని తినేస్తాయి.

డబ్బాలో దొరికే గాలి స్ప్రే కూడా మంచిదే కానీ నాలుగేళ్ల దుమ్ముకి ఒక డబ్బా ఏ మూలకీ చాలదు. వాడితే డబ్బాని నిటారుగానే పట్టుకోవాలి. వంచితే లోపలి ద్రవం బయటికి చిమ్మి, తగిలిన చోటల్లా మంచు కడుతుంది. చాలా డబ్బాల్లో ఉండే వాయువు మంటకి అంటుకునేది కూడా, కాబట్టి ఊదాక కాసేపు ఆరనివ్వాలి. పంక్చర్ షాపు కంప్రెసర్ దగ్గరికి కేబినెట్ మోసుకెళ్లే అలవాటు మన దగ్గర ఉంది. ఆ ట్యాంకులో నీటి చెమ్మ, పంపు ఆయిలు చేరి ఉంటాయి. దాని పీడనానికి బోర్డు మీద ఆవగింజంత భాగాలు ఊడిపోతాయి. అది మాత్రం చేయకండి.

వ్యాక్యూమ్ ఎందుకు వద్దంటే, పొడి దుమ్ము ప్లాస్టిక్ గొట్టంలోంచి వేగంగా రాసుకుంటూ పోయేకొద్దీ గొట్టం మూతి దగ్గర స్థిర విద్యుత్తు పోగవుతుంది. ఆ మూతినే మీరు చిప్పుల మీద తిప్పుతారు. పైగా చిన్న స్క్రూలు, జంపర్లు లోపలికి మింగేస్తుంది. మీకు వ్యాక్యూమ్ ఉంది కాబట్టి దాన్ని అడుగు దూరంలో పెట్టి, ఇటు బ్రష్‌తో లేపిన దుమ్ము అటు లాగేలా వాడుకోవచ్చు. కేబినెట్ లోపలికి మాత్రం దూర్చకండి.

పని బాల్కనీలోనో డాబా మీదో పెట్టుకోండి, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా కూర్చోండి. విండోస్‌ని మామూలుగా షట్‌డౌన్ చేసి, ఎస్ఎంపీఎస్ వెనక ఉండే స్విచ్ ఆపి, కేబుల్‌ని కంప్యూటర్ దగ్గరే పీకేయండి. గోడ స్విచ్ ఆపితే చాలనుకోవద్దు. మధ్యలో యూపీఎస్ ఉంటే గోడ స్విచ్ ఆపినా అది బ్యాటరీ నుంచి కరెంటు ఇస్తూనే ఉంటుంది. మానిటర్, స్పీకర్, నెట్ వైర్లన్నీ తీసేయండి. తర్వాత ముందున్న పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన చార్జి దిగిపోతుంది, బోర్డు మీద చిన్న లైటు ఉంటే అది ఆరిపోవడం కనిపిస్తుంది.

కేబుల్ గుచ్చే ఉంచి స్విచ్ ఒక్కటే ఆపండి, ఎర్త్ అందుతుంది అని విదేశీ వీడియోల్లో చెబుతుంటారు. ఎర్త్ తీగ సరిగ్గా ఉన్న ఇంట్లో అది నిజమే. మన ఇళ్లలో మూడో కన్నానికి వెనక తీగే లేని బోర్డులు చాలా ఉంటాయి. మీ కేబినెట్ వెనక రేకు ముట్టుకుంటే ఎప్పుడైనా జివ్వుమందా? అంటే మీ సాకెట్‌కి ఎర్త్ లేదు. ఎస్ఎంపీఎస్‌లో కరెంటు రొద వడకట్టడానికి పెట్టిన చిన్న కెపాసిటర్లు ఎర్త్ దారి దొరక్క, 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా డబ్బా మీదికి తెస్తాయి. కరెంటు పరిమాణం చాలా కొద్దిగా ఉంటుంది కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. అలాంటి ఇంట్లో ప్లగ్ ఉంచడం వల్ల వచ్చే లాభం ఏమీ లేదు. పీకేయండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ వేయించుకోవడం వేరే పనిగా పెట్టుకోండి.

మీ ఒంట్లోని స్థిర విద్యుత్తు పోవడానికి, ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టే ముందు, రంగు లేని రేకు భాగాన్ని ఒకసారి పట్టుకుంటే చాలు. కావలసింది మీరూ కేబినెట్టూ ఒకే స్థాయిలో ఉండటం. మణికట్టు పట్టీ ఉంటే మంచిదే, లేదని పని ఆపక్కర్లేదు. చిటుక్కుమని మన వేలికి తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. చిప్ చెడటానికి అంతకంటే చాలా తక్కువ చాలు, కాబట్టి ఏమీ తెలియలేదు అన్నది ధైర్యం కాదు. కోస్తా ఉక్కపోతలో ఈ ప్రమాదం తక్కువ. ఏసీ గదిలో, తెలంగాణ చలికాలపు పొడి గాలిలో, పాలిస్టర్ చొక్కా వేసుకుంటే ఎక్కువ. నూలు బట్టలు వేసుకోండి.

ఇప్పుడు మూత. వెనక రెండు స్క్రూలు తీసి పక్క పలకని వెనక్కి జరిపితే వస్తుంది. మీది గాజు పలక అయితే దాన్ని టైల్స్ నేల మీద నిలబెట్టొద్దు. టెంపర్డ్ గ్లాస్ మధ్యలో గుద్దినా తట్టుకుంటుంది, అంచు టైల్‌కి టక్కున తగిలితే మాత్రం మొత్తం రవ్వలైపోతుంది. దుప్పటి మడిచి మంచం మీద పడుకోబెట్టండి. ముందు ప్లాస్టిక్ మొహం కింది నుంచి లాగితే ఊడి వస్తుంది. కొన్నింటిలో పవర్ బటన్ తీగలు దానికే అతుక్కుని ఉంటాయి, కాబట్టి మొదట రెండు వేళ్ల సందు తెరిచి లోపల చూసి అప్పుడు లాగండి. జల్లెడలు తీసి సబ్బు నీళ్లలో కడిగి నీడన ఆరబెట్టండి. పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. ఫోన్‌తో లోపల నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి, ముఖ్యంగా బోర్డు కింది మూల ఉండే పవర్ బటన్, రీసెట్, లైట్ల సన్న తీగలవి. అవి ఊడితే మళ్లీ ఎక్కడ గుచ్చాలో గుర్తుండదు.

బ్లోయర్‌ని మొదట బయటికి తిప్పి పది సెకన్లు ఊరికే నడపండి. ఎప్పుడో దానితో దుమ్ము లాగి ఉంటే ఆ చెత్తంతా మొదటి ఊపులో మీ మదర్‌బోర్డు మీదికి చిమ్ముతుంది. తర్వాత బోర్డుకి జానెడు దూరం, హీట్‌సింక్‌కి బెత్తెడు దూరం. ఒకేచోట పట్టి ఉంచకుండా రెండు మూడు సెకన్ల చొప్పున కొట్టండి. మూతి ఏ భాగానికీ తగలకూడదు. పైనుంచి మొదలుపెట్టి కిందికి రండి, లేకపోతే శుభ్రం చేసిందాని మీదే మళ్లీ దుమ్ము పడుతుంది.

ఫ్యాన్ దగ్గర చెయ్యి రెండోది కూడా కావాలి. ప్రతి ఫ్యాన్‌నీ వేలితో మధ్య బొడ్డు దగ్గర అదిమి, తిరగకుండా పట్టుకునే ఊదాలి. వదిలేస్తే ఆ గాలికి అది తన మామూలు వేగానికి ఎన్నో రెట్లు తిరిగి విమానంలా కూత పెడుతుంది. వినడానికి సరదాగా ఉంటుంది, పిల్లలు పదేపదే చేయమంటారు. అలా తిరిగితే బేరింగ్ అరిగిపోతుంది, ఒక్కోసారి రెక్క విరుగుతుంది. ఫ్యాన్ వెనక్కి కరెంటు పుట్టించి బోర్డు కాల్చేస్తుందని భయపెడతారు గానీ అది కొంత అతిశయోక్తి. బేరింగ్ చెడటం మాత్రం రేపే తెలుస్తుంది, గరగరమని.

ప్రాసెసర్ కూలర్ మీద నేరుగా పైనుంచి ఊదితే ఆ చాప ఇంకా కిందికి దిగి రేకుల మధ్య ఇరుక్కుంటుంది. గాలి రోజూ ఎటు వెళుతుందో దానికి ఎదురుగా ఊదాలి. కంపెనీ ఇచ్చే గుండ్రటి కూలర్లలో గాలి పైనుంచి కిందికి వస్తుంది కాబట్టి, మీరు పక్కనుంచి, రేకుల అడుగు వైపు నుంచి పైకి కొట్టండి. చాప ఒక అంచున లేస్తుంది, దాన్ని పట్టకారుతో మెల్లగా లాగితే రొట్టె ముక్కలా వచ్చేస్తుంది. మిగిలిన దాన్ని బ్రష్‌తో రెక్కల సందుల్లోంచి కదిలించి మళ్లీ ఊదండి. నిలువు టవర్ కూలర్ అయితే ఇంకా సులువు. ఫ్యాన్ సాధారణంగా రెండు తీగ క్లిప్పులతో పట్టుకుని ఉంటుంది, అవి విప్పి ఫ్యాన్ తీసేస్తే రేకుల మొహం ఎదురుగా ఉంటుంది. తిరిగి పెట్టేటప్పుడు వైపు మారకూడదు. ఫ్యాన్‌లో మోటారుని పట్టుకున్న నాలుగు కడ్డీలు ఏ పక్క కనిపిస్తాయో గాలి ఆ పక్కకే వెళుతుంది.

రెక్కల మీద జిడ్డు ఉంటే గుడ్డ కొసని ఆల్కహాల్‌లో తడిపి పిండి, ఒక్కో రెక్కా తుడవండి. ఆల్కహాల్ కారేంత పొయ్యొద్దు, బేరింగ్‌లోకి దిగితే అందులోని ఆయిల్‌ని కరిగిస్తుంది. చప్పుడు చేసే ఫ్యాన్‌కి కొబ్బరి నూనె చుక్క వేసే వైద్యం మన ఇళ్లలో ఉంది. కొబ్బరి నూనె చలికాలంలో గడ్డకడుతుంది, వేడికి జిగురవుతుంది. స్టిక్కర్ కింద ఒక్క చుక్క కుట్టు మిషన్ ఆయిల్ వేస్తే కొన్నాళ్లు నడుస్తుంది. అది కూడా తాత్కాలికమే. కేబినెట్ ఫ్యాన్ ఖరీదైన వస్తువేమీ కాదు, మార్చేయడం మేలు.

గ్రాఫిక్స్ కార్డుని తీసి తుడవడమే నయం, ఎందుకంటే దాని ఫ్యాన్లు కిందికి చూస్తుంటాయి. వరుస తప్పకూడదు: ముందు దాని పవర్ వైరు, తర్వాత కేబినెట్‌కి బిగించిన ఒకటి రెండు స్క్రూలు, ఆ తర్వాత స్లాట్ చివర ఉండే చిన్న ప్లాస్టిక్ నాలుక నొక్కి ఉంచి కార్డుని వంచకుండా స్లాట్‌లోంచి సూటిగా బయటికి. ఆ నాలుక కార్డు కింద దాక్కుని వేలికి అందదు. చెక్క స్కేలుతో నొక్కండి, స్క్రూడ్రైవర్‌తో కాదు, జారితే బోర్డు మీద గీత పడి తీగలు తెగుతాయి. కార్డుని రేకు వైపు, అంచుల దగ్గర పట్టుకుని, ఫ్యాన్లు వేలితో ఆపి, పొడవాటి పక్క నుంచి ఊదండి. బంగారు రంగు పళ్లు ముట్టుకోకండి. కార్డు హీట్‌సింక్ విప్పే ప్రయత్నం ఎంతమాత్రం వద్దు. లోపల మెమరీ చిప్పుల మీద ఒక్కోచోట ఒక్కో మందంతో మెత్తని థర్మల్ ప్యాడ్లు ఉంటాయి, విప్పితే చిరుగుతాయి, సరైన మందంవి తెచ్చి వేయకపోతే అంతకుముందు కంటే ఎక్కువ వేడెక్కుతుంది.

ఎస్ఎంపీఎస్ డబ్బాని తెరవకండి. ఇది జాగ్రత్త కోసం చెప్పే మాట కాదు. అందులో పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టుల డీసీ ఉంటుంది, కొత్త రకాల్లో 380 దాకా కూడా. ప్లగ్ తీశాక అది ఎంతసేపట్లో దిగుతుందో మోడల్‌ని బట్టి మారుతుంది, డబ్బా బయటి నుంచి తెలుసుకునే మార్గం లేదు. బయటి నుంచే పని కానివ్వండి. కొబ్బరి ఈనె చీపురు పుల్ల పొడిది ఒకటి తీసుకుని, జల్లెడలోంచి కొసని మాత్రం లోపలికి పెట్టి ఫ్యాన్ రెక్కని ఆపండి, ఇనుప వస్తువు ఏదీ వద్దు, పుల్లని రెక్క దాటి లోతుకి పోనివ్వొద్దు. వెనకవైపు తేనెపట్టు లాంటి రంధ్రాల నుంచి లోపలికి ఊదండి, దుమ్ము ఫ్యాన్ వైపు నుంచి బయటికి వస్తుంది. తర్వాత అటు నుంచి ఇటు. మొదటి రెండు ఊపులకి పొగలా లేచే దుమ్ము చూస్తే నాలుగేళ్ల లెక్క తెలుస్తుంది. పొగ రావడం ఆగేదాకా కొట్టండి. అయితే ఎస్ఎంపీఎస్ కేబినెట్ అడుగున ఉంటే దాని జల్లెడ కూడా కిందే ఉంటుంది, కేబినెట్‌ని పడుకోబెట్టి ఆ జల్లెడ లాగి కడగడం మర్చిపోకండి.

హార్డ్ డిస్క్ మీద ఒక చిన్న రంధ్రం ఉండి, దాన్ని మూయొద్దని పక్కన రాసి ఉంటుంది. అందులోకి నేరుగా ఊదకండి, దాన్ని దేనికీ తగిలించకండి. మిగతా స్లాట్లలో వాడనివాటిని బ్రష్‌తో రెండుసార్లు ఊడిస్తే చాలు.

ప్రాసెసర్ కూలర్‌ని పూర్తిగా తీసి, రెండింటి మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్ట్ కొత్తది వేయాలా అన్నది చాలామందికి వచ్చే ప్రశ్న. దుమ్ము దులిపి ఒకసారి నడిపి చూశాక తేల్చుకోవాలి, ముందే కాదు. తీస్తే పేస్ట్ మార్చి తీరాలి, పాతది రెండోసారి అతకదు. అయితే తీయకుండానే ఒకటి చూడండి: ఇంటెల్ కంపెనీ కూలర్ అయితే నాలుగు మూలలా నల్లని నొక్కుడు పిన్నులు ఉంటాయి, అందులో ఒకటి పైకి లేచి ఉందేమో వేలితో ఒక్కొక్కటీ అదిమి చూడండి. ఒక మూల లేస్తే హీట్‌సింక్ ఆ పక్క ప్రాసెసర్‌ని వదిలేస్తుంది. మెషీన్‌ని బండి మీద వేసుకుని ఇల్లు మారినవాళ్లకి ఇది మామూలే, దుమ్ము మీద నెపం పడుతుంది.

పేస్ట్ మార్చాల్సి వస్తే: ఇంటెల్ పిన్నులని బాణం చూపిన వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగాలి, తిరిగి పెట్టే ముందు వెనక్కి తిప్పి, ఎదురెదురు మూలలు జతలుగా టక్కుమనేలా నొక్కాలి. ఏఎండీ కంపెనీ ఏఎం4 సాకెట్ రకాల్లో ప్రమాదం వేరు. ప్రాసెసర్‌కే పిన్నులుంటాయి, ఎండిన పేస్ట్ జిగురులా పట్టి, కూలర్ లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. అందుకే తీసే ముందు అయిదు పది నిమిషాలు మెషీన్ నడిపి వేడెక్కించి, ఆపి, ప్లగ్ పీకి, కూలర్‌ని కుడి ఎడమలకి మెల్లగా మెలితిప్పి వదులు చేశాకే ఎత్తాలి. పాత పేస్ట్‌ని ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, మధ్యలో కందిగింజంత కొత్త పేస్ట్ పెట్టి కూలర్ బిగించండి. వేలితో పులమక్కర్లేదు. ఎక్కువ వేస్తే ఎక్కువ చల్లబడదు, పక్కలకి కారుతుంది. పొడవాటి ప్రాసెసర్లకి చుక్క బదులు సన్నని గీత.

ర్యామ్ రబ్బరు సంగతి. డిస్‌ప్లే రాక బీప్ కొట్టే మెషీన్‌కి ర్యామ్ తీసి పళ్లని రబ్బరుతో రుద్ది పెట్టడం ప్రతి షాపులోనూ చేస్తారు, చాలాసార్లు పనిచేస్తుంది కూడా. కానీ సగం ఫలితం తీసి మళ్లీ పెట్టడం వల్లనే వస్తుంది. బంగారు పూత చాలా పలచన, రుద్దినకొద్దీ పోతుంది, రబ్బరు పొట్టు స్లాట్‌లో పడి కొత్త సమస్య తెస్తుంది. అవసరమైతే దూది పుల్లకి ఆల్కహాల్ అద్ది తుడవండి. తీసిన ర్యామ్‌ని తీసిన స్లాట్‌లోనే పెట్టండి. రెండే ఉంటే అవి సాధారణంగా ప్రాసెసర్ పక్క నుంచి లెక్కపెడితే రెండు, నాలుగు స్లాట్లలో ఉంటాయి.

అన్నీ బిగించాక పక్క పలక మూయకుండానే మొదటిసారి ఆన్ చేయండి. అంతకుముందు ఆల్కహాల్ వాడిన చోట్లు పావుగంట ఆరనివ్వండి, ఏ వైరూ ఫ్యాన్ రెక్కకి తగలడం లేదని చూడండి. ఆన్ కాగానే చూడాల్సింది ప్రాసెసర్ ఫ్యాన్ తిరుగుతోందా అనే. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు కొన్ని కార్డుల్లో వేడెక్కేదాకా తిరగవు, అది లోపం కాదు. అసలేమీ రాకపోతే బోర్డు కాలిందని అనుకోకండి. మొదట ఎస్ఎంపీఎస్ వెనక స్విచ్ వేశారా, తర్వాత 24 పిన్నుల పెద్ద వైరు, ప్రాసెసర్ పక్క 8 పిన్నుల వైరు పూర్తిగా దిగాయా అని చూడండి. ఫ్యాన్లు తిరుగుతూ డిస్‌ప్లే లేకపోతే మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా బోర్డుకి గుచ్చి ఉంటారు, లేదా కార్డు, ర్యామ్ సగమే దిగి ఉంటాయి. తేదీ, సమయం వెనక్కి పోయి కనిపిస్తే బోర్డు మీది నాణెం బ్యాటరీ, సీఆర్2032, అయిపోయినట్టు. నాలుగేళ్లయింది కాబట్టి ఎలాగూ ఇప్పుడే మార్చేయొచ్చు.

మళ్లీ అదే గేమ్, అదే పావుగంట, అదే వీడియో. పాత అంకె 98 ఉండి ఇప్పుడు 80కి దిగితే పేస్ట్ ఆలోచన కట్టిపెట్టండి. ఇంకా 95 దగ్గరే ఉంటే పేస్ట్ మార్చే పని మిగిలింది. అంకె బాగానే ఉండి మెషీన్ ఇంకా టక్కున ఆగుతుంటే దుమ్ము కథ ముగిసింది, తెలిసినవాళ్ల దగ్గర మంచి ఎస్ఎంపీఎస్ ఒకటి తెచ్చి పెట్టి చూడాలి.

మళ్లీ ఇంత పేరుకోకుండా ఉండాలంటే కేబినెట్‌ని నేల మీద నుంచి ఎత్తండి. చీపురు లేపే దుమ్ము ముందుగా అడుగు ఎత్తులోనే తిరుగుతుంది. వెనక గోడకి జానెడు ఖాళీ వదలండి. టేబుల్ అరలో దూర్చిపెట్టిన కేబినెట్ తను వదిలిన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది. నడుస్తుండగా గుడ్డ కప్పొద్దు. మీది రోడ్డు పక్క ఇల్లు కాబట్టి జల్లెడలు నెలకోసారి దులపండి, లోపల ఆరు నెలలకోసారి ఊదండి. కార్డు తీసిన ఖాళీ స్లాట్లకి వెనక రేకులు లేకపోతే వేయించుకోండి. ఆ సందుల్లోంచి బల్లులు వెచ్చదనం కోసం లోపలికి చేరతాయి, ఎస్ఎంపీఎస్‌లో బల్లి పడి షార్ట్ కావడం మన వాతావరణంలో కొత్త కాదు. రైస్ మిల్లు, జిన్నింగ్ మిల్లు, గ్రానైట్ పాలిషింగ్ ఆఫీసుల్లో మెషీన్లకైతే ఆరు నెలలు చాలా ఎక్కువ, రెండు నెలలకే చూడాలి.

ఇంతా చదివాక 800 ఇచ్చేయడమే నయమనిపిస్తే అందులో తప్పేం లేదు. అయితే మెషీన్ వదిలి రాకుండా పక్కనే నిలబడండి. ఏ గాలితో ఊదుతున్నారో, ఫ్యాన్‌ని వేలితో పట్టుకున్నారో లేదో చూడండి. పట్టుకోకుండా మొదలుపెడితే, ఒక్క నిమిషం ఆగమని మీరే వేలు పెట్టండి.